పండుగకు ముందు కొరికిన కాయ

"ముందు సీటు కావాలంటే ఇద్దరి కిరాయి."

"ఎందుకన్నా? నేనొక్కదాన్నే కదా!"

"నువ్వొక్కదానివే. నీ బస్తా ఇంకో మనిషంత ఉంది. దాన్ని ఎక్కడ కూసోబెట్టాలె?"

భోపాలపట్నం జీపుల అడ్డాలో నిలబడ్డవాళ్ళంతా నవ్వారు. కోడిని చంకలో పెట్టుకున్న ముసలమ్మ కూడా నవ్వింది. ప్రసన్నకుమారికి ఒళ్ళు మండింది. వరంగల్ వెళ్ళే బస్సు దారిలో చెడిపోయిందనీ, ఇవాళ ఇక్కడి దాకా రాదనీ తెలిసినప్పటి నుంచి ఆమెకు అందరి మీదా కోపంగానే ఉంది. నిజానికి అది కోపం కాదు, భయం. భయాన్ని కోపంలా చూపించడం ఆమెకు బాగా అలవాటు.

"బస్తా నా ఒళ్ళో కూర్చుంటుంది. సరేనా?"

"ఒళ్ళో కూసున్నోళ్ళకు టికెట్ లేదు. ఎక్కు," అన్నాడు జీపు డ్రైవరు.

అతని పేరు బాబూరావు. పాతికేళ్ళు దాటి ఉంటాయి. సన్నగా, నల్లగా, నవ్వు దాచుకోవడం చేతగాని ముఖంతో ఉన్నాడు.

ప్రసన్న ఫోను పైకెత్తి ముఖానికి నవ్వు తగిలించుకుంది. "హాయ్ ఫ్రెండ్స్! తక్కువ ఖర్చుతో బస్తర్, ఇవాళ తిరుగు ప్రయాణం. బస్సు రాలేదా? నో టెన్షన్! షేర్ జీపు ఎక్కండి. డ్రైవరుని మొదటి మాటలోనే అన్నా అని పిలవండి, సగం బేరం అక్కడే అయిపోతుంది. ఇదిగో, వీళ్ళే మన తోటి ప్రయాణికులు..."

ఫోను అటు తిప్పేలోగా ఒక అరచెయ్యి కెమెరాకు అడ్డం వచ్చింది.

"బండిని తియ్యి. రోడ్డును తియ్యి. నన్ను గూడ తియ్యి, పెండ్లి సంబంధాలకు పనికొస్తది. వీళ్ళ మొఖాలు మాత్రం తియ్యకు."

"ఏం? ఎందుకు తియ్యకూడదు?"

బాబూరావు ముఖంలో నవ్వు ఆగిపోయింది. "ఆ వీడియో ఎవరు చూస్తరో, చూసి ఏమనుకుంటరో ఈడ ఎవ్వరికి తెల్వదు. అందుకు."

ఇంతకుముందు నవ్వినవాళ్ళెవరూ ఇప్పుడు నవ్వలేదు. ప్రసన్న ఫోను దించేసింది.

హైదరాబాదులో ఆమె కూకట్‌పల్లి హాస్టల్లో ఉంటుంది. గదికి నలుగురు. రాత్రి షిఫ్టు ఉద్యోగం. షాంపూ ప్యాకెట్టుతో బట్టలు ఉతకడం, టీ కాచే కెటిల్లో గుడ్లు ఉడకబెట్టడం, ఒకే చున్నీని దుప్పటిగా, తువ్వాలుగా, కిటికీ తెరగా వాడటం ఆ గది నేర్పినవే. వాటినే ప్రయాణపు చిట్కాలని వీడియోల్లో చెబితే జనం మెచ్చుకున్నారు. ఒంటరిగా దేశం తిరిగే ధైర్యవంతురాలని పేరు పెట్టారు.

ఆ చిట్కాలన్నీ భయంలోంచి పుట్టినవని చూసేవాళ్ళకు తెలియదు. బస్సులో ఆడవాళ్ళ వెనక సీటు చూసుకో. ఊళ్ళో దిగగానే ముందు ఒక ముసలమ్మను పలకరించు. నీళ్ళను ఆ ఊరి భాషలో ఏమంటారో నేర్చుకో. లాడ్జి గదిలో తలుపుకు కుర్చీ అడ్డం పెట్టు. ఆమె వీటిని నవ్వుతూ చెబుతుంది, అంతే తేడా.

ఈసారి విశాఖపట్నం నుంచి రైల్లో కిరండూల్ వచ్చింది. అక్కడ మేనమామ శ్యామ్‌ప్రసాద్‌కు రైల్వే క్వార్టరు ఉంది, అంటే లాడ్జి ఖర్చు లేదు. తిరిగి వెళ్ళేటప్పుడు మాత్రం బీజాపూర్, భోపాలపట్నం, తర్లగూడ మీదుగా బస్సులు మారుతూ హైదరాబాదు చేరాలని రూటు వేసుకుంది. బయలుదేరే రోజున అత్త స్వర్ణకుమారి గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"రైల్లో వచ్చినదానివి రైల్లోనే పోకూడదేటి? ఆ అడవి దారంట ఒక్కదానివే ఏటమ్మా!"

"రోడ్డు దారి కొత్తగా ఉంటుందత్తా. అందరూ చేసే రూటు కాదు."

"అందరూ ఎందుకు చెయ్యట్లేదో ఆలోచించావేటి?"

ఆ మాట అప్పటి నుంచి చెవిలో జోరీగలా తిరుగుతూనే ఉంది.

జీపు కదిలింది. సాయంత్రం తర్లగూడకు ఇంకో వరంగల్ బస్సు వస్తుందని అడ్డాలో చెప్పారు. చీకటి పడకముందే తర్లగూడలో దిగాలి. ఆమెకు కావలసింది అంతే. రోడ్డుకు రెండు వైపులా అడవి. ఊరు వస్తుందనుకున్న చోటల్లా మళ్ళీ అడవే వచ్చేది. వెనక సీట్లో కోడితో కూర్చున్న సోమి, ఆమె పక్కన ఎర్రయ్య, ఇంకో ముగ్గురు ఏదో చెప్పుకుని నవ్వుకుంటుంటే ప్రసన్నకు కాస్త ధైర్యంగా ఉండేది.

ఒక వాగు దగ్గర ఇంజనుకు నీళ్ళు పోయడానికి బాబూరావు బండి ఆపాడు. అందరూ దిగారు. వాగు ఒడ్డున పెద్ద మామిడి చెట్టు. కొమ్మ కొమ్మకూ పచ్చి కాయలు గుత్తులుగా వేలాడుతున్నాయి. కింద కూడా బోలెడు రాలి ఉన్నాయి. ఒక్కరూ వంగి తీయడం లేదు.

'ఇంత మంచి కాయలు! వీళ్ళకి రోజూ చూసేవే కాబట్టి లెక్కలేదు కాబోలు,' అనుకుంది ప్రసన్న. మంచి కాయ ఒకటి ఏరి వాగులో కడిగింది. బ్యాగులోంచి ఉప్పుకారం ప్యాకెట్టు తీసింది. ఎవరి ముఖమూ పడకుండా ఫోనును తన వైపే తిప్పుకుంది.

"ఫ్రెండ్స్, ఇవాళ్టి చిట్కా! అడవిలో చిరుతిండి ఫ్రీ!"

కరకరమని కొరికింది.

సోమి చంకలోంచి కోడి జారిపోయింది. అది అరుచుకుంటూ పరుగెడుతున్నా దాన్ని ఎవరూ పట్టుకోలేదు. అందరూ ప్రసన్న నోటి వైపే చూస్తున్నారు.

"ఓ పిల్లా! ఎంత పని జేస్తివి!" అన్నాడు ఎర్రయ్య.

"ఏమైంది? ఎవరిదైనా చెట్టా? డబ్బులిస్తాను."

సోమి తమ భాషలో బాబూరావుతో గబగబా ఏదో అంది. అతను తల దించుకుని విన్నాడు. తర్వాత అందరూ ఒక్కొక్కరే జీపులోంచి తమ మూటలు తీసుకున్నారు.

"మీ ఊరు ఇంకా రాలేదుగా, ఎక్కడికి?" అని అడిగింది ప్రసన్న.

"కాలిబాట ఉన్నది. నడిసి పోతం," అన్నాడు ఎర్రయ్య ఆమె వైపు చూడకుండా.

కోడిని దొరకబుచ్చుకుని సోమి అందరికన్నా చివర వెళ్ళింది. వెళ్తూ ఒకసారి వెనక్కి తిరిగింది. ఆ చూపులో ఉన్నది జాలి. కోపంగా చూసినా ప్రసన్నకు అంత భయం వేసేది కాదు.

చెట్ల వెనక వాళ్ళు మాయమయ్యారు. వాగు చప్పుడు తప్ప ఏమీ లేదు. జీపు, ఆమె, అతను.

"అందరూ ఎందుకు దిగిపోయారు?"

"ఎక్కు."

"ముందు చెప్పండి."

"చెప్తే భయపడతవ్. ఎక్కు, జల్దీ పోవాలె."

ఎక్కక ఏం చేస్తుంది? ఆమె బ్యాగును రొమ్ముకు హత్తుకుని కూర్చుంది. సగం కొరికిన కాయ తినబుద్ధి కాక స్టీరింగు ముందరి అరలో పెట్టింది. బాబూరావు దానివైపు చూసి, తేలును చూసినట్టు చెయ్యి వెనక్కి లాక్కున్నాడు.

ఇందాకటి దాకా కబుర్లు చెప్పిన మనిషి ఇప్పుడు నోరు విప్పడం లేదు. బండి నెమ్మదిగా నడుపుతున్నాడు. ప్రతి మలుపులో హారను కొడుతున్నాడు. ఓసారి పైన కొమ్మల్లోకి, ఓసారి కింద గడ్డిలోకి, మధ్య మధ్య ఆమె వైపు చూస్తున్నాడు. చెమటలు కారుతున్నాయి.

"కాళ్ళు పైన పెట్టుకో," అన్నాడు ఉన్నట్టుండి.

"ఏంటి?"

"కాళ్ళు. సీటు మీద పెట్టుకో అంటున్న."

ప్రసన్న తలుపు వైపు జరిగింది. కాళ్ళు పైన పెట్టుకుంది. ఫోను చూసింది. సిగ్నలు లేదు. అయినా దాన్ని చెవికి ఆనించుకుంది.

"హలో మావయ్యా! ఆ, జీపులోనే ఉన్నాను. బండి నంబరు పంపాను కదా? సరే." ఫోను దించి అతనితో, "మా మావయ్య పోలీసుల్లో సి.ఐ.," అంది.

"ఈ వాగు దాటినంక సిగ్నల్ రాదు," అన్నాడు బాబూరావు రోడ్డు మీది చూపు తిప్పకుండా. "మీ మామ రైల్వేల ఉన్నడని పొద్దుగాల అడ్డాల సోమికి చెప్తివి గదా. అప్పుడే ప్రమోషన్ వచ్చిందా?"

ముసలమ్మను పలకరించాలన్న తన చిట్కా తననే పట్టించింది. ఇంకో సమయంలో అయితే ఆమె నవ్వేసేదే.

మబ్బు కమ్మింది. మధ్యాహ్నమే సాయంత్రంలా అయిపోయింది. అప్పుడు బాబూరావు తారు రోడ్డు వదిలి, ఎడమ వైపు మట్టి బాటలోకి బండి తిప్పాడు.

"ఎటు పోతున్నారు? తర్లగూడ అటు కదా!"

"ముందు మా ఊరికి."

"ఎందుకు?"

"పని ఉంది. నీ పనే."

"ఓలమ్మో! ఆపండి! బండాపండి! ఏటనుకుంటన్నారు నన్ను?"

అతను ఆపేలోగానే ఆమె తలుపు తోసుకుని దూకేసింది. మోకాలు చెక్కుకుపోయింది. లేచి అడవిలోకి పరుగు తీసింది. వాన కూడా ఆమె దూకే దాకా ఆగినట్టుంది, ఒక్కసారిగా కుండపోతగా మొదలైంది.

"ఆగు! గడ్డిల నడవకు!" వెనక నుంచి బాబూరావు అరుస్తున్నాడు. "ఓ పిల్లా! చెట్టు కింద నిలబడకు, పిడుగు పడ్తది!"

ఆమె చెట్టు కిందే ఆగింది. ఇక పరుగెత్తే శక్తి లేదు. ఉప్పుకారం ప్యాకెట్టు చించి గుప్పిట్లో పట్టుకుంది. వానకు అది ముద్దయి వేళ్ళ మధ్య నుంచి ఎర్రగా కారిపోతోంది.

"దగ్గరికొస్తే కళ్ళల్లో కొడతాను!"

బాబూరావు ఆగిపోయాడు. ఆమె గుప్పిట చూశాడు, ఆమె ముఖం చూశాడు. అప్పుడు అతనికి అర్థమైంది. ఆమె పాముకు భయపడటం లేదు, పిడుగుకూ భయపడటం లేదు. తనకే భయపడుతోంది.

అతను నాలుగడుగులు వెనక్కి వేసి వానలోనే కింద కూర్చున్నాడు. జేబులోంచి జీపు తాళం చెవి తీసి ఆమె కాళ్ళ దగ్గర పడేలా విసిరాడు.

"బండి తీస్కపో. నేనీడనే కూసుంట. తర్లగూడల ఎవరికన్న ఇయ్యి, నాకు చేరుతది."

ప్రసన్న తాళం చెవి వంక చూసింది. ఒక్కసారిగా ఏడుపొచ్చింది.

"నాకు డ్రైవింగ్ రాదు!"

"స్కూటీ గూడ రాదా?"

"రాదు! భయం!"

బాబూరావు తల పట్టుకున్నాడు. "దేశమంత తిరుగుతవ్, స్కూటీకి భయమా!"

"ముందు చెప్పండి. వాళ్ళందరూ ఎందుకు దిగిపోయారు? నన్నెందుకు అడవిలోకి తెచ్చారు?"

వానలో తడుస్తూ అతను చెప్పాడు. "మా దగ్గర కొత్త కాయకు పండుగ జేస్తం. దేవునికి, పోయిన పెద్దలకు పెట్టినంకనే మనుషులు తినేది. అంతదనుక కాయ రాలినా ముట్టం. పండుగ ముందు తిన్నోళ్ళను పామో, ఎలుగో, పిడుగో పట్టుకుంటదంటరు. తిన్నోళ్ళనే కాదు, ఎంబడి ఉన్నోళ్ళను గూడ. మా ఊరి పూజారి ఏమన్న ఉపాయం చెప్తడేమోనని ఇటు తిప్పిన."

ప్రసన్నకు నవ్వొచ్చింది. ఏడుపు ఆగకుండానే నవ్వింది.

"మామిడికాయ కోసమా! కాళ్ళు పైన పెట్టుకోమన్నది పాము కోసమా!"

"నవ్వకు. మా పెద్దనాయన గిట్లనే నవ్వుకుంట తిన్నడు. అదే వేసవిల ఎలుగు పట్టింది."

"అది ఎలాగైనా జరిగేదే కదండీ."

"అయి ఉండొచ్చు. నేను పన్నెండు దనుక చదివిన. ఇంట్ల కూసుంటే నాకూ అట్లనే అనిపిస్తది. అడివిల ఉంటే అనిపియ్యది."

ఆ మాట అంటూ అతను చుట్టూ ఉన్న గడ్డిలోకి చూశాడు. ప్రసన్న నవ్వు ఆగింది. ఎదురుగా ఉన్న మనిషి నిజంగా భయపడుతున్నాడు. తనలాగే. తనకన్నా ఎక్కువగా.

"మరి అందరితో పాటు నువ్వూ దిగి పోవలసింది కదా?"

"బండి నాది గదా."

"అందుకేనా?"

బాబూరావు వాన వైపు చూశాడు. "నీ బస్తాకు గూడ డ్రైవింగ్ రాదాయె."

ఉరుము ఉరిమింది. ఇద్దరూ ఒకేసారి ఉలిక్కిపడ్డారు. ఆమె వంగి తాళం చెవి తీసింది. దగ్గరికి వచ్చి అతని చేతికిచ్చింది.

"ఒకటి చెప్పాలె," అన్నాడు అతను లేస్తూ. "భయమైతే నీ భాష మారుతది. ఏటి, ఓలమ్మో అంటవ్."

"మా వైజాగులో అలానే అంటారు. హైదరాబాదులో నవ్వుతారని దాచుకుంటాను."

"ఈడ దాచుకోకు. ఈడ ఎవ్వరి భాష ఎవ్వరికి పూర్తిగా రాదు."

వాన తగ్గింది. మట్టి బాట మీద జీపు జారుతూ ఊరి పొలిమేర చేరేసరికి దారికి అడ్డంగా వెదురు గడ కట్టి ఉంది. దాని వెనక ఊరివాళ్ళు నిలబడ్డారు. సోమి కూడా ఉంది. బండి వానలో ఆగి ఉన్నంతసేపట్లో కాలిబాటన వాళ్ళు ముందే చేరిపోయారు. ముందు నిలబడ్డ ముసలాయన ఊరి పూజారి కోస. అతని పక్కన కొంగు నోటికి అడ్డం పెట్టుకున్న ఆమె బాబూరావు తల్లి గంగే.

"ఈడికి తెస్తివా!" అంది ఆమె కొడుకుతో.

కోస చెయ్యి ఎత్తి ఆమెను ఆపాడు. ప్రసన్నకు అర్థం కావాలని తెలుగులోనే మాట్లాడాడు.

"బిడ్డా, నీకు తెల్వక జేసినవ్. నీ మీద కోపం లేదు. కాని ఎల్లుండి పండుగ. అంతదనుక నిన్ను ఊళ్ళెకు రానియ్యలేం. మావోళ్ళ బండి ఎక్కనియ్యలేం. నీ దారిన నువ్వు పో." తర్వాత బాబూరావు వైపు తిరిగాడు. "నువ్వు దిగు. తాళం తియ్యి."

"తాతా, రోడ్డు దనుకనే ఎంత దూరం! పొద్దుగూకుతది. ఒక్కతే ఎట్ల పోతది?"

"అది నా చేతుల లేదు రా. ఊరికి ఏమన్నయితే ఎవరిని అడగాలె?"

ప్రసన్న చుట్టూ చూసింది. ఒక్క ముఖంలోనూ శత్రుత్వం లేదు. అందరూ భయపడుతున్నారు. అదే ఎక్కువ భయంగా ఉంది. కోపంగా ఉన్నవాళ్ళను బతిమాలవచ్చు, భయపడేవాళ్ళను ఏమని బతిమాలాలి? మట్టి బాట వెనక చెట్లలోకి పోయి నల్లగా మాయమైంది. ఆ దారిన తాను ఒక్కతే నడవాలి. అన్ని ఊళ్ళు తిరిగి పోగేసిన చిట్కాల్లో దీనికి పనికొచ్చేది ఒక్కటీ లేదు.

"ఫర్వాలేదు," అంది. "నేను పోతాను. నువ్వు దిగిపో."

బ్యాగు భుజాన వేసుకుని దిగబోయింది.

బాబూరావు దిగలేదు. స్టీరింగు ముందున్న అర వైపు చూస్తున్నాడు. ఆమె సగం కొరికిన కాయ అక్కడే ఉంది. అతను చెయ్యి చాపాడు. మధ్యలో ఒకసారి ఆగింది. తర్వాత కాయను పట్టుకుంది.

"కొడకా, వద్దు!" గంగే కేక పెట్టింది.

అతను కళ్ళు గట్టిగా మూసుకుని కొరికాడు. నమిలాడు. మింగాడు.

ఎక్కడా చప్పుడు లేదు. చెట్ల మీది నీళ్ళు మాత్రం టపటపా రాలుతున్నాయి. అందరూ ఆకాశం వైపు చూశారు. ప్రసన్న కూడా చూసింది.

"ఇప్పుడు ఇద్దరం తిన్నోళ్ళమే," అన్నాడు బాబూరావు. ముఖం పాలిపోయింది. "నేను గూడ బయటోన్నే. బయటోని బండి బయటామె ఎక్కితే ఊరికి దోషం లేదు గదా తాతా?"

గంగే గడ పట్టుకుని కూలబడింది. కోస నుదురు రుద్దుకున్నాడు.

"బయటి పిల్ల తప్పు జేస్తే అడివికి ఇడిసిపెడతం," అన్నాడు చివరికి. "మా పిలగాడు జేస్తే మేమే సక్కబెట్టుకోవాలె. గిట్లాంటిది ఎన్నడు రాలే. మా తాత గూడ చెప్పలే. నేనే చెప్తున్న, ఇనండి. ఎల్లుండి పండుగల ఇద్దరూ నా ముందట నిలబడాలె. నేను మొక్కి పెడత. అంతదనుక నువ్వు ఈ గడ దాటి రావొద్దు."

"ఒక్కన్నే వస్తే?"

"ఇద్దరు కొరికిన కాయ. ఒక్కని తోని ఎట్ల తెగుతది?"

జీపు మళ్ళీ తర్లగూడ రోడ్డు ఎక్కింది. ఆమె ఎవరూ చెప్పకుండానే కాళ్ళు పైన పెట్టుకుంది. అది చూసి, వాగు దాటాక మొదటిసారి అతను నవ్వాడు.

"పాము లేదన్నవ్?"

"నీ మాట మీద గౌరవం."

"అన్నా అనుడు గూడ మానేసినవ్."

"బేరం అయిపోయింది కదా." ఆమె కిటికీ వైపు తిరిగింది. చెవులు వేడెక్కాయి. కాసేపటికి మెల్లగా అడిగింది. "ఎలా ఉంది కాయ?"

"ఏమో. భయానికి రుచి తెల్వలే."

"నాకోసం ఎందుకు చేశావ్? నేనెవర్ని?"

"నువ్వు పోతానని దిగవడితివి జూడు. గడగడ వణుక్కుంట ఫర్వాలేదంటివి. అట్లాంటిదాన్ని ఎవరన్న ఇడిసిపెడతరా?"

అన్ని ఊళ్ళు తిరిగినా, ఆమె నవ్వు వెనక ఉన్నదాన్ని ఎవరూ అంత తేలిగ్గా కనిపెట్టలేదు.

తర్లగూడ చేరేసరికి పొద్దు ఇంకా కొంచెం ఉంది. ఆమె కోరుకున్నట్టే చీకటికి ముందు, క్షేమంగా చేరింది. బస్సాగే చోట టీ కొట్టు ముందు అతను బ్యాగు దించాడు.

"ఎల్లుండి నీకు డ్యూటీ ఉంటది గదా," అన్నాడు. "రాకున్నా ఏం గాదు. తాత అట్లనే అంటడు. నేనేదో చెప్పుకుంట."

"అక్కడ నీకేమైనా అయితే?"

"అయితే అయితది. నువ్వు మాత్రం భయంతోని రావొద్దు. భయంతోని వచ్చే మనిషి నాకొద్దు." గబుక్కున నాలుక కరుచుకున్నాడు. "అంటే, పండుగకు వద్దు అంటున్న."

"ఇప్పుడెక్కడికి పోతావ్?"

"పొలిమేర బయట మా చేనుంది. మంచె మీద పంటె సరి. పక్కన గుట్ట ఎక్కితే సిగ్నల్ వస్తది. చేరినంక ఫోన్ జేస్త."

ఇద్దరూ నంబర్లు ఇచ్చిపుచ్చుకున్నారు. జీపు వెనక్కి తిరిగింది. వెనక ఎర్ర దీపం మలుపులో మాయమైంది.

అప్పుడు మొదలైంది ఆమె భయం.

ఆ వాగు. ఆ మలుపులు. ఆ గడ్డి. ఇప్పుడు అతను ఒక్కడే. కాయ తిన్నాడు. ఛ, మామిడికాయ తింటే ఏమవుతుంది? తనకేమైంది? ఏమీ కాలేదు. అయినా దూరంగా ఉరిమితే గుండె ఆగినంత పనయింది. మంచె మీదికి పాములు ఎక్కుతాయా? ఎలుగుబంట్లు ఎక్కుతాయా? ఎవరిని అడగాలి?

"అక్కా, మంచె మీదికి ఎలుగు ఎక్కుతుందా?" అని టీ కొట్టు ఆమెను అడిగింది.

"ఎక్కుతది," అందామె పాలు తిరగబోస్తూ. "చెట్టే ఎక్కుతది, మంచె ఎంత? ఎందుకడిగినవ్?"

వరంగల్ బస్సు వచ్చింది. ప్రసన్న ఎక్కలేదు. కండక్టరు టీ తాగాడు. డ్రైవరు టీ తాగాడు. ఆమె ఫోను వైపు చూస్తూ నిలబడే ఉంది.

"మేడం, ఇదే ఆఖరి బండి. ఎక్కుతరా లేదా?"

"ఒక్క ఫోను రావాలన్నా. ఒక్క నిమిషం."

"ఎవరమ్మా ఆ జీపు పిలగాడు? నీకేమయితడు?" అంది టీ కొట్టు ఆమె.

"డ్రైవరు."

"డ్రైవరు ఇంటికి చేరిండా లేదా అని నేనైతే ఎన్నడు చూడలే."

ఫోను మోగింది. అతని నంబరే. చెవికి పెట్టుకుంటే వినిపించింది మాత్రం ఒక ఆడగొంతు. తెలియని భాషలో గబగబా, ఏడుస్తూ. మధ్యలో బాబూరావు అన్న పేరొక్కటే తెలిసింది.

"ఏటయింది? అమ్మా, ఏటయింది? ఆయనకేటయిందమ్మా?" ప్రసన్న కేక వేసింది. బస్సులో జనమంతా తొంగిచూశారు.

"ఏం గాలే, ఏం గాలే!" బాబూరావు గొంతు. "మా అమ్మ ఫోన్ గుంజుకున్నది. నిన్ను తిడుతున్నది."

ఆమె టీ కొట్టు బెంచీ మీద కూలబడింది. ఫోనును రెండు చేతులా పట్టుకుంది.

"ఉన్నవా?"

"ఉన్నాను. అమ్మ అక్కడికెలా వచ్చింది?"

"గడ దాటి జావ తెచ్చింది. తాతకు చెప్పొద్దట. బస్సెక్కినవా?"

"లేదు. ఎల్లుండి వస్తాను."

"భయంతోని రావొద్దన్న గదా."

"భయంతోనే వస్తాను. చచ్చేంత భయంతో వస్తాను," అంది ప్రసన్న. కన్నీళ్ళు తుడుచుకోలేదు. "కానీ ఆ భయం నా గురించి కాదు."

గుట్ట మీద గాలి చప్పుడు వినిపించింది.

మళ్ళీ ఆ ఆడగొంతు. ఈసారి తెలుగులో, ఒక్కొక్క మాటా వెతుక్కుంటూ.

"చీర కట్టుకొని రా. ఆ పాంటు వద్దు. చీర లేదా?"

"లేదమ్మా."

"నాది ఉన్నది. రా."

కండక్టరు రెండుసార్లు విజిలు వేశాడు. ప్రసన్న చెయ్యి ఊపింది, పొమ్మని. బస్సు కదిలిపోయింది. టీ కొట్టు ఆమె ఏమీ అడగకుండా ఆమె బ్యాగు తీసుకుని లోపలి మంచం మీద పెట్టింది.

ప్రసన్న టీం లీడరుకు మెసేజ్ రాసింది. సెలవు కావాలంది. కారణం దగ్గర చాలాసేపు ఆగింది. చివరికి, 'ఇంట్లో పండుగ' అని రాసి పంపేసింది.